మా మామ్మ రాత

మొన్న సత్తెనపల్లి బజారులో పురుగుమందుల కొట్టాయన నన్ను ఆపి కొత్త సంవత్సరం డైరీ ఒకటి చేతిలో పెట్టాడు. వాళ్ళమ్మాయికి నేను లెక్కలు చెబుతాను. అట్ట మీద విచ్చిన పత్తికాయ బొమ్మ, లోపల ప్రతి పేజీ అడుగున ఒక పురుగు పేరు, పక్కన దాన్ని చంపే మందు పేరు. వద్దనడం మర్యాద కాదని తీసుకున్నాను. ఇంటికొచ్చాక దాన్ని బీరువా మీద, చేతికి అందనంత వెనక్కి తోశాను. నేను డైరీ రాయకపోవడానికి కారణం బద్ధకమని మా ఆవిడ అనుకుంటోంది. నేనూ ఆమెకి అదే చెప్పాను.

అచ్చం అలాంటి డైరీల్లోనే మా మామ్మ రాసుకునేది. మామ్మ అంటే మా నాన్నకి తల్లి. ఆమె పోయి మూడేళ్ళయింది. చుట్టాలు ఎప్పుడు ఆమె మాటెత్తినా ఎంత కష్టజీవి, ఎంత భక్తిపరురాలు అని మొదలెడతారు. అవి నిజమే. కానీ నాకు మాత్రం ముందు తలపుకొచ్చేవి ఆమె ముంజేతులు.

మార్టూరు దాటి లోపలికి నాలుగు మైళ్ళు వెళితే మా ఊరు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మామ్మ రైతుల కల్లాల్లో మిరపకాయలు ఏరడానికి కూలికి వెళ్ళేది. ఎండిన కాయల రాశి ముందు కూర్చుని, రంగు చెడి తెల్లబడిన తాలుకాయల్ని వేరుచేసి పక్కన పోయడం పని. పెళ్ళయి ఆ ఊరొచ్చిన దగ్గర్నుంచీ అదే పని చేసిన చేతులవి. ఘాటు వేళ్ళ సందుల్లోకి ఇంకిపోయింది. సబ్బు పెట్టి తోమినా మజ్జిగలో ముంచినా పోయేది కాదు. అందుకని ఆమె పిల్లల్ని వేళ్ళతో ముట్టుకునేది కాదు. మేం దగ్గరకెళితే అరచేతులు రెండూ దూరంగా గాల్లోకి ఎత్తి పట్టుకుని, ముంజేతులతో దగ్గరకి లాక్కుని, వాటితోనే బుగ్గలు నిమిరేది. కల్లాలు లేని నెలల్లో, వానాకాలంలో కూడా అంతే. నేను కాలేజీకి వెళ్ళేటప్పుడు బస్సు దగ్గర వీడ్కోలు చెప్పడానికొచ్చి, అందరూ చూస్తుండగా, ముంజేత్తో నా మొహం తుడిచేది.

ఊరంతా ఘాటుకి తుమ్ముతుంటే ఆమె తుమ్మేది కాదు. తుమ్మేవాళ్ళని చూసి, వీళ్ళకింకా అలవాటు కాలేదని నవ్వేది. అన్ని మిరపకాయల మధ్య బతికిన మనిషి కారం తినేది కాదు. కూరలో కారం మా కోసం వేసి, తను ఉల్లిపాయ నంజుకుంటూ మజ్జిగన్నం తినేది. రోజంతా ఒళ్ళు తింటూనే ఉంది గదా, నోటికి కూడా ఎందుకు అనేది.

గొంతు చాలా పెద్దది. గుమ్మంలో కూర్చునే వీధి చివరి మనిషితో మాట్లాడేది. గేదె ఈనిన సంగతీ, ఎవరింటికి చుట్టాలొచ్చిన సంగతీ ఆమె నోట్లోంచే ఊరికి తెలిసేది. అయితే ఆ పెద్ద గొంతుతో ఆమె తన గురించి ఒక్క మాట చెప్పగా నేను వినలేదు. కడుపులో నొప్పి వచ్చినా, మనసులో నొప్పి వచ్చినా, లేచి చీపురు పుచ్చుకునేది. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడుస్తోందంటే ఏదో జరిగిందని మా అమ్మ గ్రహించేది.

నేను ఇంటర్మీడియెట్‌లో ఉండగా మా చర్చి వరండాలో సాయంత్రాలు పెద్దవాళ్ళకి చదువు చెప్పడం మొదలుపెట్టారు. చెప్పేది పాస్టరు గారి భార్య. మొదట్లో పాతికమంది ఆడవాళ్ళు వచ్చారు, కోతల కాలం వచ్చేసరికి ఆరుగురు మిగిలారు, ఎండాకాలానికి మామ్మ ఒక్కతే మిగిలింది. అరవై దగ్గరపడుతున్న మనిషి పలకా బలపం పట్టుకుని వెళుతుంటే పిల్లలు వెంటపడి ఏడిపించేవాళ్ళు. ఆమె వాళ్ళనే ఆపి, ఈ అక్షరం ఏందిరా అని అడిగేది.

అన్ని అక్షరాలూ ఆమెకి ఒప్పుదల కాలేదు. ఋ అనే అక్షరాన్ని, దీన్ని ఎవరూ పిలవరు గదా అని వదిలేసింది. ఒత్తులతో మాత్రం పెద్ద పేచీ. ఒక అక్షరాన్ని ఇంకొక అక్షరం కింద దాచిపెట్టడం ఆమెకి నచ్చలేదు. పక్కన పెడితే హాయిగా కనపడతాయి గదా అని, ఒత్తుల్ని పక్కనే పూర్తి అక్షరాలుగా రాసేది. అమ్మని అమమ అనీ, మజ్జిగని మజజిగ అనీ రాసేది. పాస్టరు గారి భార్య దిద్ది దిద్ది ఊరుకుంది. పెన్ను వాడేది కాదు. పెన్సిలు అయితే చెరుపుకోవచ్చని దాన్ని కొప్పులో గుచ్చుకుని తిరిగేది.

మా నాన్న ఎలిమెంటరీ స్కూలు పంతులు. ఒక జనవరిలో మార్టూరు పురుగుమందుల కొట్లో ఇచ్చారని ఒక డైరీ తెచ్చి మామ్మకిచ్చాడు. ఇదెందుకని ఆమె అడిగింది. రోజూ ఏం జరిగిందో అందులో రాసుకోవచ్చని నాన్న చెప్పాడు.

"రాసి ఎవరికి చూపించాలి?" అంది మామ్మ.

"ఎవరికీ చూపించక్కర్లేదమ్మా. నీకోసమే."

ఆ మాట ఆమెకి వెంటనే అర్థం కాలేదు. మా ఇంట్లో లోపలి గదికి తలుపు కూడా లేదు. ఆమె చీరలు ఉండే ట్రంకు పెట్టెలోనే అమ్మ చీరలు, నా సర్టిఫికెట్లు, ఇంటి పన్ను రసీదులు ఉండేవి. తనకోసమే అని ఒక వస్తువు ఆమె చేతికి రావడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆ డైరీని పాటల పుస్తకంతో పాటు ఒక పాత జాకెట్టు గుడ్డలో చుట్టి తలగడ కింద పెట్టుకుంది.

రాసేటప్పుడు బోర్లించిన గంపకి వీపు ఆనించి కూర్చుని, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ గొణుగుతూ రాసేది. సెలవులకి నేనొచ్చినప్పుడు ఎక్కడైనా సందేహమొస్తే పుస్తకం నా ముందు పెట్టేది. అయితే అరచేత్తో మిగతా పేజీ అంతా కప్పేసి, ఆ ఒక్క మాట మాత్రం కనపడేలా వేలు ఎడం చేసి చూపించేది. మిగిలింది నేను చూడకూడదని ఆమె నోటితో చెప్పలేదు. చెప్పనక్కర్లేకుండానే నాకు తెలుసు. ఈ సంగతి ఇక్కడ రాయకపోతే తర్వాత జరిగినదాంట్లో నా తప్పు చిన్నదిగా కనపడుతుంది.

జనవరి ఒకటో తేదీ మా ఇంట్లో అందరూ కలిసే రోజు. పొద్దున్న ఆరాధన అయ్యాక చుట్టాలంతా మా వాకిట్లో టార్పాలిన్ కింద చాపల మీద చేరేవాళ్ళు. బైబిలు వాక్యాలు రాసిన వాగ్దాన కార్డులు పళ్ళెంలో పెట్టి తలా ఒకటి తీయించేవాళ్ళు. ఒక పక్క వేటమాంసం ఉడుకుతుండేది. ఆ రోజు అందరికంటే ఎక్కువ మర్యాద మా మావయ్యకి జరిగేది. ఆయన మా చిన్నత్త భర్త, చీరాలలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. తెల్ల టెర్లిన్ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మెత్తటి మాట. మా వాళ్ళల్లో ఎవరికి జ్వరమొచ్చినా కడుపులో పుండొచ్చినా ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్ళు. మా నాన్న షుగరు జబ్బుకి మందులు ఆయనే సర్దేవాడు. పండగ పూట కూడా ఒక్కొక్కళ్ళూ వచ్చి నాలుక చాపి చూపించేవాళ్ళు, ఆయన విసుక్కోకుండా చూసేవాడు.

చిన్నత్త మామ్మకి ఆఖరి సంతానం. ఆమె వస్తే మామ్మ గొంతు ఇంకా పెద్దదయ్యేది.

ఆ ఏడు నేను గుంటూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాలేజీలో మిమిక్రీకి బహుమతి వచ్చింది. ఆ సంగతి నాన్న అందరికీ చెప్పాడు. భోజనాలకి ఇంకా టైము ఉంది, ఏదైనా చెయ్యరా అని పిన్నులూ బాబాయిలూ అడిగారు. పాస్టరు గారి ప్రసంగం చేశాను, బస్సు కండక్టరుని చేశాను. బాగా నవ్వారు. ఇంకా, ఇంకా అన్నారు. అప్పుడు నాకు తలగడ కింది డైరీ గుర్తొచ్చింది.

లోపలికెళ్ళి తెచ్చాను. మామ్మ పొయ్యి దగ్గరుంది. నా చేతిలో ఏముందో దూరం నుంచి ఆమెకి కనపడలేదు. నేను ఆమె గొంతు పెట్టి, ఆమెలాగే నాలుక కొస బయటపెట్టి, పేజీలు తిప్పుతూ చదవడం మొదలుపెట్టాను. ఒత్తులన్నీ ఆమె రాసినట్టే పక్కనపెట్టి చదివాను.

"మజ-జిగ విరిగింది. కోడలు అలిగింది. అన-లా."

"పాస-టరు గారి గేదె ఈనింది. పెయ్య. పాలు మనకీ పోస్తారంట."

"పిల-లోడు వచ-చాడు. సన-నబడ-డాడు. అన-లా."

అన్లా అంటే అనలేదు, ఎవరితోనూ చెప్పలేదు అని. ఆమె రాతలు సగం ఆ మాటతోనే ముగిసేవి. నేను ప్రతిసారీ ఆ మాటని సాగదీసి తల అడ్డంగా ఊపుతుంటే వాకిలంతా పడీపడీ నవ్వింది. మామ్మ పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది. ఏం చదువుతున్నానో తెలిశాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఇంకా హుషారొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆమె నవ్వుతూనే చెయ్యి చాపింది, పుస్తకం ఇమ్మని. నేను వెనక్కి జరిగి ఇంకో పేజీ తిప్పాను.

"చిన-నది వచ-చింది. వీపు చూశా. అల-లుడు బెల-టుతో కొట-టాడంట. ఎవరితో అనొద-దంది. అన-లా."

అదీ అదే గొంతుతో చదివాను. నా ధ్యాసంతా గొంతు మీదే ఉంది. మాటలకి అర్థముందన్న సంగతి ఆఖరి మాట కూడా పలికాక గాని నా బుర్రకి ఎక్కలేదు. అలవాటుగా తల ఊపి, నవ్వుల కోసం ఆగాను. వెనక చాప మీద సరిగా వినపడని ఎవరో ఒకళ్ళు నవ్వారు కూడా.

చిన్నత్త గోంగూర గిన్నె పట్టుకుని వరస మధ్యలో నిలబడి ఉంది. మావయ్య జేబులోంచి రుమాలు తీసి మూతి తుడుచుకుని, మళ్ళీ మడతలు సరిగ్గా వచ్చేలా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందుగా మాట్లాడింది మా నాన్న.

"పెద్దావిడ ఏదో రాసింది లెండి బావగారూ. వడ్డించేస్తున్నారు, కూర్చోండి."

మావయ్య కూర్చోలేదు. బస్సు టైమయిందని మెత్తగానే చెప్పి చెప్పులేసుకున్నాడు. చిన్నత్త గోంగూర గిన్నె కింద పెట్టి వెనకాలే నడిచింది. వెళ్ళేటప్పుడు ఎవరి వంకా చూడలేదు. కాసేపటికి అందరూ భోజనాలకి కూర్చున్నారు. మాంసంలో ఉప్పు సరిపోయిందని కొందరు, కొంచెం తగ్గిందని కొందరు అన్నారు.

మామ్మ నన్ను తిట్టలేదు. నా దగ్గరికొచ్చి, "పుస్తకం ఇటియ్యి నాయనా" అంది, అంతే. దాన్ని తీసుకెళ్ళి జాకెట్టు గుడ్డలో చుట్టింది. తర్వాత చీపురు పుచ్చుకుని, ఇంకా మనుషులు కూర్చునే ఉన్న వాకిట్లో, చాపల చుట్టూ ఊడవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత మావయ్య చిన్నత్తని మా ఊరు పంపలేదు. ఉత్తరాలకి జవాబు లేదు. ఈస్టరుకి రాలేదు. మా ఇంట్లో ఎవరూ ఆ మాటెత్తలేదు. నేను గుంటూరు వెళ్ళిపోయాను, డిగ్రీ అయ్యాక బి.ఇడి.కి అక్కడే ఉండిపోయాను. ఆగస్టులో ఒకసారి మామ్మకి క్షమించమని రాయాలని కార్డు తీసుకుని కూర్చుంటే ఎలా మొదలుపెట్టాలో తోచక, చదువు గురించీ చింతకాయ పచ్చడి పంపమనీ రాసి పోస్టు చేశాను. పచ్చడి వచ్చింది.

ఆ ఏడాది క్రిస్మస్‌కి చిన్నత్త వచ్చింది. మావయ్య కూడా వచ్చాడు. ఏం జరిగి మనసు మారిందో నేను అడగలేదు. అంతా సర్దుకుంది అనుకున్నాను. అనుకోవడం నాకు సుఖంగా ఉంది. మామ్మ మళ్ళీ వీధి చివరివాళ్ళతో గుమ్మంలోంచి మాట్లాడసాగింది. కొత్త డైరీలో రాస్తూనే ఉండేది. కానీ మళ్ళీ ఎప్పుడూ సందేహమని పుస్తకం నా ముందుకి తేలేదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో, రెండు రోజులు జ్వరపడి, మూడో రోజు మధ్యాహ్నం మామ్మ పోయింది. నెలకి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నాన్న ఆమె రాసిన మూడు డైరీలూ నాకిచ్చి, చదువుకున్నవాడివి, అందులోంచి మంచివి నాలుగు ఏరి చదువు, అందరూ సంతోషిస్తారు అన్నాడు. జనవరిలో జరిగింది ఆయన నిజంగానే మర్చిపోయాడో, మర్చిపోయినట్టు ఉన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

కూడికకి ముందు రోజు చర్చి వరండాలో ఒక్కణ్ణే కూర్చుని చదివాను. రెండో డైరీలో జనవరి ఒకటో తేదీ ఖాళీ. రెండో తేదీ నుంచి ఒకటే వరస: గాలి. ఎండ. మబ్బు. కాయ ఎండలా. కాయ ఎండింది. మనుషులెవరూ లేరు. కోడలు లేదు, కొడుకు లేడు, నేను లేను. ఏడు నెలల పాటు ఆమె డైరీలో వాతావరణం తప్ప ఏమీ జరగలేదు. తర్వాత ఆగస్టులో ఒక పేజీ నిండా ఉంది. ఆమె ఒత్తుల్ని సరిచేసి రాస్తున్నాను.

"చీరాల పోయా. అల్లుడి కాళ్ళు పట్టుకున్నా. అబద్ధం రాశానని చెప్పా. అది వేరే పిల్ల సంగతి అని చెప్పా. చిన్నదాన్ని పంపుతానన్నాడు. దేవుడికి వందనాలు."

దాని పక్క పేజీ.

"పిల్లోడి కార్డు వచ్చింది. పచ్చడి అడిగాడు. వాడి తప్పేం లేదు. నా రాత బాగాలేదు."

ఆ రెండు ముక్కలూ ఎన్నిసార్లు చదివానో. చేతిరాత గురించి రాసిందో, నుదుటి రాత గురించి రాసిందో నేను చెప్పలేను. అరవై ఏళ్ళ మనిషి బస్సెక్కి ఒంటరిగా చీరాల వెళ్ళి, తను చూసింది చూడలేదని చెప్పి, కూతుర్ని కొట్టినవాడి కాళ్ళ మీద పడింది. నేను చేసిన పనికి. మేమెవరం అడగలేదు, ఆమె చెప్పలేదు.

మర్నాడు కూడికలో నేను ఏం చదవాలి? మావయ్య ముందు వరసలో కూర్చున్నాడు. నాకంటే ముందు ఆయనే లేచి, అత్తగారు నన్ను కడుపున పుట్టిన కొడుకులా చూసుకుంది అని సాక్ష్యం చెప్పాడు. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. చాలామంది తుడుచుకున్నారు. నా వంతు వచ్చింది. పెయ్య పుట్టిన సంగతి చదివాను. వాన పడ్డ సంగతి చదివాను. ఈస్టరు రోజు తెల్లారగట్ల సమాధుల దగ్గర పాట తప్పు పాడానని రాసుకుంది, అది చదివాను. ఈసారి నా మామూలు గొంతుతోనే చదివాను. ఒత్తులు సరిచేసి చదివాను. ఎంత బాగా చదివాడో అన్నారు.

చేతులు కడుక్కునే చోట చిన్నత్త నా పక్కకొచ్చింది. అంతేనా, నా గురించి ఏం రాయలేదా అని నెమ్మదిగా అడిగింది.

"ఎండలూ వానలే అత్తా" అన్నాను.

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళ మధ్య గొడవ రాకూడదనే అలా చెప్పానని ఆ రోజంతా నాకు నేను చెప్పుకున్నాను. ఊరు దాటి బస్సెక్కాక ఆ మాట నిలవలేదు. చదవాల్సిన అవసరం లేనప్పుడు వాకిట్లో నిలబడి చదివాను. ఒక మనిషి నోరు తెరిచి అడిగినప్పుడు దాచాను. రెండుసార్లూ నా గురించే చూసుకున్నాను.

ఆ బరువు మోయలేక, కొత్తగా చేరిన స్కూలు ఉద్యోగంలో దసరా సెలవులిచ్చినప్పుడు చీరాల వెళ్ళాను. రెండో డైరీని వార్తాపత్రికలో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. పదకొండు గంటలప్పుడు మావయ్య డాక్టరు గారి దగ్గరే ఉంటాడని లెక్కేసుకునే వెళ్ళాను. చిన్నత్త ముందు గదిలో కుట్టుమిషను మీద లంగాలు కుడుతోంది. బట్టల కొట్టుకి కుట్టి ఇస్తుందట, నాకు అప్పటిదాకా తెలియదు. నేను ఏమీ చెప్పకుండా ఆ పేజీ తీసి ఇచ్చాను. ఆమె అయిదో తరగతి దాకా చదివింది. తల్లి రాత చదవడం నాకంటే ఆమెకే తేలికైంది. ఒత్తులు ఎక్కడున్నాయని వెతుక్కోలేదు.

చదివి, పుస్తకం మూయకుండా ఒళ్ళో పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

మామ్మ ఆయన కాళ్ళు పట్టుకున్నప్పుడు తను తలుపు పక్కనే ఉన్నానని చెప్పింది. తల్లికిద్దామని మంచినీళ్ళ గ్లాసు తెచ్చి అక్కడే నిలబడిపోయిందట. తర్వాత బస్టాండుకి దిగబెట్టడానికి వెళితే, నేను అక్షరాలు నేర్చుకోకుండా ఉంటే నీ కాపురం బాగుండేది అని మామ్మ అందట. కాదమ్మా అని చెప్పాలని నోటిదాకా వచ్చిందట. ఈలోగా బస్సు వచ్చేసిందట.

నన్ను క్షమించు అత్తా అన్నాను. ఆ మాట అనడానికే వచ్చాను. ఆమె నా వంక వింతగా చూసింది.

"నువ్వు చదివినందుకు నాకు కోపమొచ్చిందనుకున్నావా ఇన్నాళ్ళూ?"

నేను తల ఊపాను.

"ఆ రోజు ఇంటికొచ్చాక ఆయన నన్ను ఒక్క మాట అన్లా. చెయ్యెత్తలా. ఏడు నెలలురా. వీధిలో ఎవరి చెప్పుల చప్పుడైనా గుమ్మం వంక చూసేవాడు. మీ నాన్న వస్తాడనుకున్నాడు. పెద్దాళ్ళొచ్చి నిలదీస్తారనుకున్నాడు. నేనూ అనుకున్నా. అంతమంది విన్నారు గదా, ఒక్కళ్ళన్నా వచ్చి, ఏంటమ్మా సంగతి అని అడుగుతారని రోజూ చూశా."

ఆమె ఒళ్ళోని పుస్తకం మీద, గీత పడకపోయినా, వేలితో ఏదో గీస్తోంది.

"ఏడు నెలలకి అమ్మొచ్చింది. వచ్చి, అబద్ధం రాశానంది. అమ్మ బస్సెక్కిన సాయంత్రం నుంచి మళ్ళీ మామూలే."

నేను ఆ గదిలో కూర్చుని మనసులో ఒక్కొక్కళ్ళనీ తలుచుకున్నాను. నాన్న, బాబాయిలు, పిన్నులు, చాపల మీద కూర్చున్న ముప్పై నలభై మంది. నేను. పుస్తకం చదివి తప్పు చేశానని రెండేళ్ళు కుమిలిపోయినవాణ్ణి, అందులో ఉన్నది నిజమా అని ఒక్క రోజు కూడా ఆలోచించలేదు. చీరాల మాకు గంటన్నర దూరం. ఆ గుమ్మం దాకా వచ్చింది మామ్మ ఒక్కతే. తప్పు మాట చెప్పడానికే వచ్చింది. కానీ వచ్చింది. మిగతావాళ్ళం ఉప్పు సరిపోయిందా లేదా అని చూసుకున్నాం.

ఇప్పుడు ఎలా ఉందని అత్తని అడగాలనుకున్నాను. గొంతు సవరించుకున్నాను కూడా. అప్పుడే వీధిలో సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. చిన్నత్త డైరీని కత్తిరించిన గుడ్డ ముక్కల కిందికి తోసి, లంగా అంచుని సూది కిందికి జరిపింది. ఆ రెండు పనులూ ఒక్క క్షణంలో, చప్పుడు లేకుండా చేసింది. ఆమె చేతులు చాలాకాలంగా అలవాటున్నట్టు కదిలాయి.

మావయ్య లోపలికి వచ్చాడు. నన్ను చూసి నిజంగానే సంతోషించాడు. మాస్టారూ, ఎప్పుడొచ్చావోయ్, ఉత్తరం ముక్క రాయకూడదా, భోజనం చేసే వెళ్ళాలి అన్నాడు. ఉద్యోగం ఎలా ఉందని అడిగాడు.

నేను చాప మీంచి లేచి నిలబడ్డాను.

"బాగానే ఉందండి మావయ్యా" అన్నాను.

అత్త మిషను మీంచి తలెత్తలేదు. మావయ్యా నేనూ పక్కపక్కనే కూర్చుని భోంచేశాం. ఆయన నూలు రేట్ల గురించీ, వానల గురించీ మాట్లాడుతుంటే ఊ కొట్టాను. అత్త రెండోసారి అన్నం వడ్డించబోతే చాలన్నాను. మూడింటి రైలుకి స్టేషను దాకా ఆయనే నన్ను సైకిలు మీద దిగబెట్టాడు. రైలు కదిలేటప్పుడు ఆయన చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.